ఒక పొడుగు విజిల్‌కి అర్థం

బస్సులో "రైట్" అంటే కుడి అని కాదు, పోనియ్యమని. ఎడమకు తిరగాల్సిన మలుపులో కూడా మేం "రైట్ రైట్" అనే అరుస్తాం, డ్రైవరు ఎడమకే తిప్పుతాడు. ఇంగ్లీషు చెప్పే అయ్యవారు ఒకాయన ఈ సంగతి మీద కడప నుంచి కమలాపురం దాకా నాతో వాదిస్తూ వచ్చాడు. చివరికి తన స్టాపులో దిగి, బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్" అని తనే అరిచాడు.

కొత్తగా ఈ కండక్టరు ఉద్యోగంలో చేరిన మీకు ఇలాంటివి చెప్పమంటే రోజంతా చెప్పగలను. మొన్న మీలో ఒకతను "మీ సర్వీసులో చేసిన పెద్ద తప్పేంది సార్" అని అడిగాడు. ఏదో చిల్లర తప్పు ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక మనసు ఒప్పలేదు. రిటైరై ఇన్నేళ్ళయింది, ఇప్పుడు తప్పించుకుని నేను కాపాడుకునేది కూడా ఏమీ లేదు. అందుకని రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను, ఆ పల్లె పేరూ రాయను.

మాది బద్వేలు, బట్టల అంగడి. మా నాయన, మా చిన్నాయన గిరాకీల ముందర మాట్లాడుకోవడానికి ఒక భాష పెట్టుకున్నారు. మాటలన్నీ తెలుగే, అర్థాలే వేరు. మా నాయన "దీపం చూడు" అన్నాడంటే, ఈ వచ్చినాయన కొనడు, ఊరికే చీరలన్నీ విప్పి పరచొద్దు అని. పొద్దు గుంకే వేళ అంటే మాత్రం నిజంగానే దీపం పెట్టమని. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు మిట్ట మధ్యాహ్నం లాంతరు వెలిగించుకొచ్చి గిరాకీ ఎదురుగా పెట్టాడు. మాట అదే అయినా వేళను బట్టి, చోటును బట్టి అర్థం మారిపోతుందని నేను అక్కడే నేర్చుకున్నాను. అంగడి మా అన్నల పాలైంది. నాకు కండక్టరు ఉద్యోగం వచ్చింది, ఆ విద్య నాతో పాటు బస్సెక్కింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. వరుసగా వానలు ఎగ్గొట్టిన కాలం. కమలాపురం మీదుగా లోపలి పల్లెకు పోయే సర్వీసు మాది. నా డ్రైవరు ఆదోని వైపు మనిషి. డబ్బులను దుడ్లు అంటాడు, మా కడపోళ్ళు నవ్వితే తనూ నవ్వుతాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద, నేను "అన్నా" అనేవాణ్ణి. నా ఇంటి పుట్టుక చూసి ఆయన నన్ను "శెట్టీ" అనేవాడు. తొమ్మిదేళ్ళు ఒకే బస్సులో తిరిగాం. సొంతూర్లో ఆయనకున్న రెండెకరాలూ బీడు పడి ఉన్నాయి. ఇల్లు మొత్తం ఆయన జీతం మీదే నడుస్తోంది. రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

రూలు పుస్తకం ప్రకారం కండక్టరు భాష రెండు ముక్కల్లో అయిపోతుంది. ఒక విజిల్ ఊదితే ఆపాలి, రెండు ఊదితే పోనియ్యాలి. మాకు అది చాల్లేదు. ఆ బస్సు గడగడలో, జనం మధ్యలో, నేను వెనక నుంచి నోటితో చెప్పేది ఆయనకు వినపడదు. అందుకని ఒక్కొక్క మాటే పెట్టుకుంటూ పోయాం. స్టాపు లేని చోట ఒక చిన్న విజిల్ వేస్తే, వెనక ఎవరో దాటుకోవాలని చూస్తున్నారు, దారియ్యి అని. అదే విజిల్ కమలాపురం పొలిమేరలో వేస్తే, ఇంకా అందరికీ టికెట్లు కొట్టలేదు, నిదానంగా పో అని. సంత రోజు అయితే దానికి ఇంకో అర్థం: పైన గంపలు శానా ఉన్నాయి, గుంతల్లో ఎగరెయ్యొద్దు అని. ఆయన హారన్ మీద వేలు ఒకసారి ఆనించేవాడు. అర్థమైందని లెక్క.

ఒకసారి ఆయన జ్వరంతో వారం రోజులు రాలేదు. బదులొచ్చిన డ్రైవరుకు నేను దారియ్యమని విజిల్ ఊదితే బస్సు ఆపేశాడు. నిదానంగా పొమ్మని ఊదితే మళ్ళీ ఆపేశాడు. "ఏమప్పా, ఊరికూరికే నిలబెడ్తాండావు, నీకు కడుపులో బాగలేదా" అని అడిగాడు. ఆ వారమంతా నేను మూగవాడిలాగా తిరిగాను.

ఇక అసలు సంగతి ఆ పల్లెలో బస్సు వెనక్కు తిప్పుకోవడం. ఊరి చివర ఒక చౌక దుకాణం, దాని ముందు ఎత్తైన రాతి అరుగు. ఆ అరుగు దాకా వెనక్కు పోతేగాని ముందు చక్రాలు తిరగవు. ఎడమవైపు అద్దం ఎప్పుడూ దుమ్ము కొట్టుకుని ఉంటుంది. నేను దిగి వెనక నిలబడి విజిల్ ఊదాలి. ఇక్కడ ఆయనే ఒక పద్ధతి పెట్టాడు.

"శెట్టీ, నాకు ఈడ ఆపమని చెప్పే విజిల్ వద్దు. నువ్వు ఊత్తా ఉండు, నేను వస్తా ఉంటా. నువ్వు గమ్మునుంటివా, నేను నిలబెట్టేస్తా."

"ఎందుకన్నా, ఒకటి ఊదితే ఆపొచ్చు గదా?"

"నువ్వు రాయి తట్టుకుని పడితివనుకో. విజిల్ ఎట్ల ఊత్తావు? గమ్మునుంటే ఆగాల. అది మేలు."

ఆలోచిస్తే అది రూలు కంటే మంచి రూలు. అప్పటి నుంచి ఆ చోట చిన్న విజిల్స్ వరసగా వేస్తే రమ్మని. ఒక పొడుగు విజిల్ వేస్తే, చోటు ధారాళంగా ఉంది, గబగబా వచ్చెయ్ అని. శబ్దం ఆగిందంటే అక్కడికక్కడ బ్రేకు. తొమ్మిదేళ్ళలో ఆ అరుగుకు బస్సు ఒక్కసారి కూడా తగల్లేదు.

ఆ ఏడు ఎండాకాలంలో నన్ను రెండు వారాల ట్రైనింగుకు పంపారు. కండక్టర్లకు మాత్రమే. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించినట్టు రోజూ పొద్దున గ్రౌండులో నిలబెట్టి విజిల్ ఊదించేవాళ్ళు. ఒక పొడుగు విజిల్, ఆపు. రెండు చిన్నవి, పోనీ. వెనక్కు వచ్చే బస్సును ఆపడానికి కూడా అదే పొడుగు విజిల్. నేను లోలోపల నవ్వుకుంటూ ఊదాను. మాకు ఇంతకంటే మంచిది ఉందిలే అనుకున్నాను. నవ్వుతూ చేసినా చేసింది ఒంటికి పడుతుందని అప్పుడు తోచలేదు.

ట్రైనింగు నుంచి వచ్చిన నాలుగో రోజు. సంత రోజు. పల్లెలో జనమంతా దిగారు, నేను వెనక్కు పోయి అరుగు పక్కన నిలబడి చిన్న చిన్న విజిల్స్ మొదలుపెట్టాను. బస్సు నిదానంగా వస్తోంది. అప్పుడు ఒక ముసలాయన, కమలాపురంలో తమలపాకులు అమ్ముకుని వచ్చినాయన, బస్సు పైనున్న తన ఖాళీ గంప కోసం వెనక నిచ్చెన దగ్గరికి వచ్చాడు. ఆయన వీపు అరుగు వైపు, చేతులు నిచ్చెన మీద.

నేను చెయ్యాల్సింది ఒక్కటే. విజిల్ నోట్లోంచి తీసెయ్యడం. అంతకంటే సులువైన పని లోకంలో ఉండదు. నేను ఊపిరంతా పట్టి పొడుగ్గా ఒక విజిల్ ఊదాను.

బస్సు గబగబా వచ్చింది.

నేను అరిచి, రేకు మీద అరచేత్తో బాదేసరికి అన్న ఆపాడు. అప్పటికే ముసలాయన ఎడమ కాలు నిచ్చెనకూ అరుగుకూ మధ్యలో నలిగింది. ఆయన అరవలేదు, "గంప, గంప" అంటూ కూర్చుండిపోయాడు. అన్న దిగొచ్చి చూసి, నా మొహం ఒకసారి చూసి, ముసలాయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని బస్సులోకి తెచ్చాడు. ఎక్కడా ఆపకుండా కడప ఆస్పత్రికి పోయాం. దారి పొడుగునా నేను ఒక్క విజిల్ కూడా ఊదలేదు.

మూడో రోజు ఆస్పత్రికి పోయాను. కాలు తీసెయ్యకుండా కాపాడారు గాని ఇక నేల మీద సరిగ్గా ఆనదని చెప్పారు. ముసలాయనకు నా మీద కోపం లేదు.

"నీ తప్పేముందప్పా. నువ్వు విజిలేస్తివి గదా. నేనూ వింటిని. విజిలైంది గదా, ఇంగ బస్సు నిలబడ్తాదిలే అని నేను పక్కకు పోలా."

 ఆయనకు తెలిసిన భాష లోకమంతా మాట్లాడేది. డ్రైవరుకు తెలిసింది మా ఇద్దరిదీ. ఒకే విజిల్ విని ఒకరు నిలబడిపోయారు, ఒకరు వచ్చేశారు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కడినే, ఊదిందీ నేనే.

విచారణ పెట్టారు. దాని ముందు రోజు క్యాంటీనులో యూనియన్ పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "చూడప్పా, అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పద్దు. మీ ఇద్దరూ సొంత సిగ్నళ్ళు పెట్టుకుని బండి నడిపినారని తెలిస్తే నీ ఉద్యోగం ముందు పోతాది" అన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు. నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన చెప్పకపోయినా నేను అదే చేసేవాణ్ణి, చెప్పాడు కాబట్టి చేశానని అనుకునే వీలు మాత్రం దొరికింది.

విచారణ ఆఫీసరు బయటి నుంచి వచ్చినాయన. మంచి మనిషే. గదిలో ఒక మూల స్టూలు మీద అన్న కూర్చున్నాడు, ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. గుమాస్తా ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ రాసుకుంటున్నాడు.

"చివరగా ఎన్ని విజిల్స్ వేశారు?"

"ఒకటి సార్. పొడుగ్గా."

"ఒక పొడుగు విజిల్ అంటే ఏమిటి?"

"ఆపమని సార్."

"మీరు ఊదిన తర్వాత బస్సు ఆగిందా?"

"లేదు సార్. వచ్చింది."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మీరు ఎంత వెతికినా దొరకదు. నేను కూడా ఇన్నేళ్ళూ వెతికాను.

ఆఫీసరు అన్న వైపు తిరిగాడు. "విజిల్ వినపడలేదా?"

"వినపడింది సార్."

"మరి ఎందుకు ఆపలేదు?"

"సార్, ఆ జాగాలో మా ఇద్దరికీ ఒక అలవాటు..." అని అన్న మొదలుపెట్టి నా వైపు చూశాడు. నేను బల్ల మీదున్న కాగితాలు ఎగరకుండా పెట్టిన గాజు బిళ్ళను చూస్తున్నాను. "ఔ సార్" అని ఒక్క మాట అన్నా చాలు. కనీసం దగ్గినా చాలు.

"ఏం అలవాటు?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్. నాదే పొరపాటు" అని అన్న సంతకం పెట్టడానికి లేచాడు.

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. సిగ్నల్ విని కూడా ఆపని డ్రైవరు అని రాశారు. నాకు ఒక మెమో కూడా రాలేదు.

కొత్త డ్రైవరు వచ్చాడు. చురుకైన కుర్రవాడు, రూలు పుస్తకం ఎలా ఉంటే అలా నడిపేవాడు. పల్లెలో వెనక్కు వచ్చేటప్పుడు నేను పొడుగు విజిల్ ఊదితే టక్కున నిలబెట్టేవాడు. రోజుకు రెండుసార్లు.  అన్నం సహించడం మానేసింది. ఇంట్లో అడిగితే ఎండలు అన్నాను, వానలు మొదలయ్యాక కూడా ఎండలే అన్నాను.

ఆర్నెల్ల తర్వాత అన్న అప్పీలు కర్నూలులో విచారణకు వచ్చిందని తెలిసింది. ఆయన నన్ను పిలవలేదు. నేనే సెలవు పెట్టి పోయాను. ఆఫీసు వరండాలో నన్ను చూసి ఆయన ఆశ్చర్యపోయాడు గాని, "వచ్చినావా" అని మాత్రం అన్నాడు.

అప్పీలు వినే పెద్ద ఆఫీసరు నన్ను లోపలికి పిలిచాడు. అంతా చెప్పేశాను. చిన్న విజిల్స్, పొడుగు విజిల్, గమ్మునుండటం, ట్రైనింగు, నా పొరపాటు. ఆయన పెన్ను పక్కన పెట్టి ఓపిగ్గా విన్నాడు.

"ఇది ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు సార్."

"ఇంకెవరికైనా తెలుసా?"

"మా ఇద్దరికే సార్."

"ఇద్దరిలో ఒకాయన ఉద్యోగం పోయినాయన. ఇంకొకాయన ఇప్పుడు మాట మారుస్తున్న సాక్షి. నన్నేం చేయమంటావు?" అని, పెన్ను మళ్ళీ అందుకుని, "సరే, ఒక్కటి చెప్పు. మీ భాషలో ఒక పొడుగు విజిల్‌కి అర్థం ఏమిటి?" అన్నాడు.

"యాడ సార్?" అన్నాను.

"యాడ ఏమిటయ్యా?"

"యాడ ఊదితే సార్? రోడ్డు మీదయితే ఒకటి, స్టాపులో అయితే ఒకటి, ఆ పల్లెలో అయితే ఒకటి."

"ఇక్కడ. ఈ గదిలో ఊదితే ఏమిటో చెప్పు."

"ఈడ ఊదితే ఏమర్థమూ లేదు సార్."

ఆయన నన్ను ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు చూశాడు. నేను ఎగతాళి చెయ్యలేదు. ఆ రోజు నేను చెప్పినంత నిజం నా సర్వీసులో ఎన్నడూ చెప్పలేదు. స్టెనో చేతిలో పెన్సిలు ఆపి, "సార్, దీన్ని ఎట్లా రాయమంటారు" అని అడిగాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి, కళ్ళు రుద్దుకుని చెప్పాడు: "చివరగా ఒక పొడుగు విజిల్ ఊదినట్లు సాక్షి మళ్ళీ ఒప్పుకున్నాడు."

మొదటి విచారణలో ఉన్న వాక్యమే ఇక్కడా పడింది. కింద సంతకం పెట్టాను. అప్పీలు కొట్టేశారు. నాకు మాట మార్చినందుకు ఒక మెమో వచ్చింది, దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంకా ఏమైనా శిక్ష వేస్తారేమో అని ఎదురుచూశాను, వెయ్యలేదు.

ఆ రోజు బయటికి వచ్చాక ఇద్దరం ఆఫీసు ఎదురుగా టీ తాగాం. నేను అడగలేక అడిగాను. "అన్నా, ఆ పొద్దు చెప్పబోయి ఎందుకు నిలబెడితివి?"

ఆయన టీ ఊదుకుంటూ అన్నాడు. "నువ్వు గమ్మునుంటివి గదా శెట్టీ. నువ్వు గమ్మునుంటే నేను నిలబెట్టాల్సిందే గదా."

ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అనుంటే నాకు కొంచెం బాగుండేది. తొమ్మిదేళ్ళ అలవాటు అంతే. గ్లాసు కింద పెట్టి ఆదోని బస్సెక్కాడు.

తర్వాత ఆయన్ని నేను చూసింది ఒక్కసారే. ఏడాది దాటింది. కమలాపురంలో నా బస్సెక్కాడు. చిక్కిపోయాడు. పట్టుకునేదానికి దారంతో కట్టుకున్న నూనె సీసా ఒకటి చేతిలో ఉంది. ముందు ఎవరో జరిగి చోటిచ్చినా వెనక్కే పోయి ఇరుక్కుని కూర్చున్నాడు. దగ్గరికి పోయి ఏం మాట్లాడాలో తెలీక, "యాడికన్నా?" అన్నాను.

పల్లె పేరు చెప్పాడు.

"ఆడ మీవాళ్ళు ఎవురుండారు?"

"తమలపాకుల తాత ఉండాడు గదా. నెలకొక తూరి పోతాండా. మా ఆదోనిలో ఒక సాయిబు కాళ్ళకు నూనె కాస్తాడు. రుద్దితే కొంచెం ఆనతాండాది అంట."

నేను ముసలాయన్ని చూసింది ఆస్పత్రిలో ఆ ఒక్కసారే. ఆ పల్లెకు రోజుకు రెండుసార్లు పోయేవాణ్ణి నేను. ఆ అరుగు దగ్గర దిగి నిలబడేవాణ్ణి. ఆయన ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా కనుక్కోలేదు. ఆదోని నుంచి మూడు బస్సులు మారి, ఉద్యోగం పోయిన మనిషి ప్రతి నెలా వస్తున్నాడు. నేను సెలవు పెట్టుకున్న రోజునో, వేరే డ్యూటీ పడ్డ రోజునో వచ్చిపోయి ఉంటాడు. నేను ఎదురుపడకూడదనే అలా చూసుకుని వచ్చాడేమో, అడగలేదు.

ఆయన జేబులోంచి నోటు తీసి చాపాడు.

"నీకు టికెట్టేందన్నా, ఊరుకో" అన్నాను.

"కొట్టు శెట్టీ. నడమ చెకింగొస్తే నీకు మాటొస్తాది."

టికెట్టు కొట్టి ఇచ్చాను.  టికెట్టు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సంత రోజు కావడంతో బస్సు నిండా జనం, ముందు స్టాపులో ఎక్కినవాళ్ళు టికెట్టు టికెట్టు అని పిలుస్తున్నారు. రెండు విజిల్స్ వేసి ముందుకు పోయాను.